చేపల బన్ను నుంచి గ్రీన్ కార్డు దాకా... హానోవర్ తిరునాళ్ళ కథ

టెక్నాలజీ ట్రేడ్ షో అనగానే ఇప్పుడు మనకి లాస్ వేగాసో, బార్సిలోనానో గుర్తొస్తుంది. పాతికేళ్ళ క్రితం మాత్రం కంప్యూటర్ల తిరునాళ్ళంటే జర్మనీలోని హానోవరే. అక్కడి 'సెబిట్'కి 2001లో 8 లక్షల పైచిలుకు జనం వచ్చారు. ఊరి జనాభా చూస్తే 5 లక్షలు! అంత పెద్ద మేళా 2018తో ఆగిపోయింది. ఈ కథలో మన ఐటీ జనాలకీ ఒక పాత్ర ఉంది. అది చాలామందికి గుర్తున్నట్టు లేదు, అందుకే రాస్తున్నా.

జర్మన్‌లో ఇలాంటి మేళాని 'మెస్సె' అంటారు (మన అమీర్‌పేట మెస్సు కాదు లెండి). చర్చిలో చేసే ప్రార్థనకీ అదే మాట. పండగ రోజు చర్చి దగ్గర చేరిన జనం కోసం అంగళ్ళు వెలిశాయి, చివరికి ఆ పేరు అంగళ్ళకే వచ్చేసింది. గోదావరి జిల్లాల్లో 'తీర్థం' అనగానే జీళ్ళూ, రంగులరాట్నాలూ గుర్తొచ్చినట్టన్నమాట.

హానోవర్‌కి ఈ తీర్థం భక్తి వల్ల రాలేదు, ఆకలి వల్ల వచ్చింది. 1943 అక్టోబరులో ఒక్క రాత్రి బాంబు దాడితో ఊరి నడిబొడ్డు దాదాపు నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక, అప్పటిదాకా జర్మనీకి పెద్ద సంతగా ఉన్న లైప్‌జిగ్ సోవియట్ వాటాలోకి పోయింది. దాంతో బ్రిటిష్ సైనిక ప్రభుత్వం 1947 ఆగస్టులో హానోవర్ పక్కనున్న లాట్సెన్‌లో, ఓ పాత లోహపు ఫ్యాక్టరీ షెడ్లలో ఎగుమతుల మేళా పెట్టించింది. సరుకు అమ్మితే డాలర్లొస్తాయి, డాలర్లొస్తే తిండి కొనుక్కోవచ్చు. ఇదీ లెక్క. 3 వారాల్లో 7 లక్షల మందికి పైగా వచ్చారు. అక్కడ చేప ముక్క పెట్టిన బన్ను రేషన్ కూపన్ లేకుండానే దొరికేది. జనం దాన్ని 'చేపల బన్ను మెస్సె' అనేశారు!

అంతమందికి హోటళ్ళెక్కడివి? ఊళ్ళో వాళ్ళే తమ గదులు ఖాళీ చేసి అద్దెకిచ్చారు. గది ఇచ్చి పొద్దున్నే టిఫిన్ పెట్టే ఇంటావిడలకి 'మెస్సె అమ్మ' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పద్ధతి తర్వాత కూడా దశాబ్దాల పాటు నడిచింది.

1970లో ఆఫీసు యంత్రాల కోసం అక్కడ ఒక బ్రహ్మాండమైన హాలు కట్టి, ఆ విభాగానికి సెబిట్ అని పేరు పెట్టారు. కంప్యూటర్ల గోల పెరిగి పెరిగి, 1986లో దాన్ని విడిగా మార్చి నెలకి జరిపేశారు. అక్కణ్ణించి పదిహేనేళ్ళు దానికి తిరుగులేదు.

ఇక మన సంగతి. 2000 ఫిబ్రవరి 23న సెబిట్ ప్రారంభ సభలో అప్పటి ఛాన్సలర్ గెర్‌హార్డ్ ష్రోడర్, విదేశీ కంప్యూటర్ నిపుణులకి గ్రీన్ కార్డు ఇస్తామని ప్రకటించాడు. వెంటనే రాజకీయం మొదలైంది. ఆ ఏడాది ఒక రాష్ట్ర ఎన్నికల్లో ప్రతిపక్షం వైపు నుంచి 'ఇండియన్లు కాదు, పిల్లలు' అని అర్థం వచ్చే నినాదం మోగిపోయింది. జర్మన్‌లో 'కిండర్', 'ఇండర్' అని ప్రాస బాగా కుదిరింది మరి! ఆ ఎన్నికల్లో ఆ పార్టీ గెలవలేదు. ఆగస్టులో పథకం మొదలైంది.

పేరుకి గ్రీన్ కార్డే గానీ, గడువు ఐదేళ్ళు. తర్వాత మూటాముల్లె సర్దుకోవాలి. కోటా 20,000 పెడితే, 2004 చివర్లో పథకం ముగిసేసరికి 18,000 దగ్గర ఆగింది. తీసుకున్నవాళ్ళలో దేశాలవారీగా మనవాళ్ళే ఎక్కువ. మధ్యలో డాట్‌కామ్ కుప్పకూలిన మాట నిజమే. కానీ అసలు లోపం ఆ గడువేనని నా అభిప్రాయం. మనిషి కావాలి, మనిషి సంసారం వద్దు అంటే ఎవరొస్తారండీ? ఆ పాఠం వాళ్ళకీ అర్థమైనట్టే ఉంది: 2005లో వలస చట్టం మార్చారు, 2012లో బ్లూ కార్డు తెచ్చారు. ఇప్పుడు అక్కడ ఇల్లు కొనుక్కుని సంక్రాంతికి ముగ్గులేసే తెలుగువాళ్ళు ఆ చేదు ప్రయోగం తర్వాత తెరుచుకున్న తలుపులోంచి వెళ్ళినవాళ్ళే.

సెబిట్ మాత్రం నిలబడలేదు. ఫోన్లు బార్సిలోనాకి పోయాయి, టీవీలు బెర్లిన్‌కి పోయాయి, కొత్త సాఫ్ట్‌వేర్ చూడటానికి బ్రౌజర్ చాలు. 2018లో జూన్‌కి మార్చి, జెయింట్ వీల్ పెట్టి పండగలా చేసినా లక్షా ఇరవై వేల మందే వచ్చారు. నవంబరులో ఇక లేదని ప్రకటించేశారు. యంత్రాల మేళా, అంటే అసలు హానోవర్ మెస్సె, ఇప్పటికీ ఏటా వసంతంలో జరుగుతోంది. రోబో చెయ్యి ఎలా కదులుతుందో దగ్గర నిలబడి చూస్తేనే తృప్తి మరి.

కంపెనీ ఎప్పుడైనా పంపిస్తే, ఒక మధ్యాహ్నం స్టాళ్ళు ఎగ్గొట్టి ఊళ్ళోకి వెళ్ళండి. రోడ్డు మీద గీసిన ఎర్ర గీత పట్టుకుని నడిస్తే 4.2 కిలోమీటర్లలో 36 చోట్లు చూడొచ్చు, గైడ్ అక్కర్లేదు. 1913 నాటి కొత్త టౌన్ హాల్లో గోపురం మీదికి వంపుగా ఎక్కే లిఫ్ట్ ఉంది. దాని కన్నా కింద హాల్లో ఉన్న ఊరి నమూనాలు చూడాలి: 1689, 1939, 1945, ఇప్పటిది. రెండో దాని నుంచి మూడో దానికి నడిస్తే నోట మాట రాదు.

హెరెన్‌హౌసెన్ తోట మరీ ముఖ్యం. బైనరీ లెక్కలు రాసిన లైబ్నిట్జ్ తిరిగిన తోట అది. ఏ రెండు ఆకులూ అచ్చంగా ఒకేలా ఉండవని ఆయనంటే, ఒక పెద్దమనిషి పందెం వేసినట్టు తోటంతా వెతికి ఓడిపోయాడట. లైప్‌జిగ్‌లో పుట్టిన ఆయన 1676లో ఉద్యోగం కోసం హానోవర్ వచ్చాడు. ఆన్‌సైట్ అన్నమాట. 1714లో దొరగారు ఇంగ్లండుకి రాజై వెళ్తూ, నువ్వు రాస్తున్న మా వంశ చరిత్ర పూర్తయ్యేదాకా లండన్ రావద్దన్నాడు. ప్రాజెక్టు తెమలలేదు, 1716లో ఇక్కడే పోయాడు. సమాధి రాయి మీద లాటిన్‌లో 'లైబ్నిట్జ్ ఎముకలు' అని మాత్రం ఉంటుంది.

సున్నా, ఒకటి మీద బతికే యంత్రాలు చూడటానికి ఏటా లక్షల మంది ఆ ఊరొచ్చారు. వాళ్ళలో ఆ సమాధి దాకా వెళ్ళినవాళ్ళెందరో! మీరు మాత్రం వెళ్ళండి. వచ్చే దారిలో ఒక చేపల బన్ను కూడా తినండి. ఇప్పుడు డబ్బులిస్తే చాలు.