ఫ్లాస్క్ (వెబ్ ఫ్రేమ్‌వర్క్)

ఫ్లాస్క్ పైథాన్ భాషలో రాసిన తేలికపాటి వెబ్ ఫ్రేమ్‌వర్క్. ఆస్ట్రియాకు చెందిన ప్రోగ్రామర్ అర్మిన్ రోనాకర్ దీన్ని రూపొందించారు. మొదటి వెర్షన్ 2010 ఏప్రిల్‌లో వెలువడింది, 1.0 మాత్రం 2018లో గానీ రాలేదు. ఇప్పుడు దీన్ని పాలెట్స్ అనే ఓపెన్ సోర్స్ బృందం నిర్వహిస్తోంది.

దీని పుట్టుక వెనుక ఒక ఏప్రిల్ ఫూల్ సరదా ఉంది. 2010 ఏప్రిల్ 1న రోనాకర్ ‘డినైడ్’ పేరుతో, అంతా ఒకే ఫైల్‌లో ఇమిడిపోయే ఫ్రేమ్‌వర్క్ ఒకటి విడుదల చేశారు. అప్పట్లో వరసగా వస్తున్న ఆ తరహా ఫ్రేమ్‌వర్కులను ఆటపట్టించడమే ఉద్దేశం. చాలామంది దాన్ని నిజమని నమ్మి ఆసక్తి చూపారు. అలాంటిదాని అవసరం నిజంగానే ఉందని అర్థమయ్యాక, అంతకుముందే తాను తయారుచేసిన వెర్క్‌జోయిగ్, జింజా లైబ్రరీల మీద ఫ్లాస్క్‌ను కట్టారు.

మొదలుపెట్టడం సులువు. ముందుగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి సిద్ధం చేసుకుని, అందులో పిప్ సాయంతో ఫ్లాస్క్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. ఆపై ఐదారు లైన్ల కోడ్ చాలు: ఫ్లాస్క్ ఆబ్జెక్ట్‌ను సృష్టించడం, ఒక ఫంక్షన్ రాయడం, ఏ చిరునామా అడిగితే ఆ ఫంక్షన్ పలకాలో దాని నెత్తిన ‘రూట్’ డెకరేటర్‌తో చెప్పడం. ‘ఫ్లాస్క్ రన్’ ఆదేశం ఇస్తే 5000 నంబరు పోర్టులో పేజీ కనిపిస్తుంది. మ్యాక్ వాడేవారికి ఇక్కడే అడ్డంకి ఎదురుకావచ్చు. మాంటెరీ వెర్షన్ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ అదే పోర్టును వాడుకుంటోంది, కాబట్టి వేరే నంబరు ఎంచుకోవాలి.

డేటాబేస్, లాగిన్, అడ్మిన్ పేజీలు ఫ్లాస్క్‌తో పాటు రావు. వాటిని తనతోనే తెచ్చే జాంగో అనే మరో పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో పోలిస్తే ఇది కొరతలా అనిపిస్తుంది గానీ, నేర్చుకునేవారికి నిజానికి మేలే. బ్రౌజర్ ఏం అడిగింది, సర్వర్ ఏం తిరిగిచ్చింది అన్నది మధ్యలో తెరలేవీ లేకుండా కనిపిస్తుంది. ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా వంటి చిన్న అప్లికేషన్‌కు పైథాన్‌తోనే వచ్చే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ సరిపోతుంది.

తెలుగులో పేజీలు చూపడానికి ప్రత్యేక ఏర్పాట్లేవీ అక్కర్లేదు. జేసన్ రూపంలో పంపేటప్పుడు మాత్రం తెలుగు అక్షరాలు యూనికోడ్ సంకేతాలుగా మారిపోయి కంగారు పెడతాయి. సమాచారం పాడవదు, అందుకునే ప్రోగ్రామ్ వాటిని తిరిగి అక్షరాలుగానే చదువుతుంది. సూటిగా తెలుగే కనిపించాలంటే జేసన్‌కు సంబంధించిన ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ అమరికను ‘ఫాల్స్’ చేయాలి.

భద్రత విషయంలో ఏమరుపాటు పనికిరాదు. హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లలోకి వెళ్లే మాటల్లో ప్రమాదకరమైన స్క్రిప్టు ఉంటే జింజా తానే దాన్ని నిర్వీర్యం చేస్తుంది. వాడుకరి టైపు చేసినదాన్ని ఫంక్షన్ నుంచి నేరుగా తిప్పి పంపితే ఆ రక్షణ ఉండదు. డీబగ్ మోడ్ మరీ ప్రమాదం: తప్పులు వెతకడానికి బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే వీలిస్తుంది గనుక, ఇంటర్నెట్‌లో తెరిచి ఉంచితే సర్వర్ పరాయివాళ్ల చేతికి వెళ్లవచ్చు. ఫ్లాస్క్‌తో వచ్చే సర్వర్ కూడా అభివృద్ధి దశకే పరిమితం. అప్లికేషన్‌ను జనంలోకి తెచ్చేటప్పుడు లినక్స్‌పై గునికార్న్, విండోస్‌పై వెయిట్రెస్ వంటి సర్వర్లు వాడతారు.