ఒక వైరస్ వస్తే మరొకటి ఆగుతుందా? పుదుచ్చేరి ఫ్లూ కాలాల లెక్క

పుదుచ్చేరి: ఒకే జనసమూహంలో సంచరించే శ్వాసకోశ వైరస్‌లలో ఒకటి విజృంభించినప్పుడు మరొకదాని వ్యాప్తి తగ్గడం లేదా ఆలస్యం కావడాన్ని శాస్త్రవేత్తలు వైరల్ ఇంటర్‌ఫియరెన్స్‌గా వ్యవహరిస్తారు. సాధారణ జలుబుకు కారణమైన రైనో వైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్లను విడుదల చేస్తాయి. అవి పొరుగు కణాలను అప్రమత్తం చేయడంతో కొద్దిరోజులపాటు ఇన్‌ఫ్లుయెంజాకు అక్కడ స్థావరం దొరకడం కష్టమవుతుంది. 1957లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ గుర్తించిన ఈ పదార్థానికి అడ్డుకునే గుణాన్ని బట్టే ఆ పేరు వచ్చింది. ఈ రక్షణ స్వల్పకాలికం. టీకాకు ప్రత్యామ్నాయం ఎంతమాత్రం కాదు.

2009లో ఫ్రాన్స్, స్వీడన్‌లలో వేసవి సెలవుల అనంతరం రైనో వైరస్ జలుబులు పెరిగిన వారాల్లో స్వైన్ ఫ్లూ మందగించింది. జలుబులు తగ్గాకనే అది పుంజుకొంది. గ్లాస్గోలో 2005–2013 మధ్య 44 వేలకు పైగా రోగ సందర్భాలను పరిశీలించినప్పుడు కూడా ఈ రెండు వైరస్‌ల మధ్య వ్యతిరేక సంబంధం కనిపించింది.

పుదుచ్చేరి పట్టణంలో ఈ లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. దేశంలో అధిక భాగానికి నైరుతి వానలు ముఖ్యమైతే, ఇక్కడ అక్టోబరు–డిసెంబరు నాటి ఈశాన్య వానలే ప్రధానం. సమీపంలోని చెన్నై, వెల్లూరులలో ఫ్లూ అక్టోబరు–నవంబరులలో అధికమవుతుందని గత అధ్యయనాలు చూపాయి. అయితే పిల్లల్లో జ్వరాలు పెరగడంతో పుదుచ్చేరి ప్రభుత్వం 2022లో సెప్టెంబరు 17 నుంచి 25 వరకు, హెచ్3ఎన్2 వ్యాప్తితో 2023లో మార్చి 16 నుంచి 26 వరకు ఎనిమిదో తరగతి వరకు బడులను మూసివేసింది. ఈ రెండూ ఆ కాలానికి వెలుపలివే. అంతమాత్రాన వాటిని వైరస్‌ల పోటీకే ఆపాదించడం తొందరపాటు. కోవిడ్ ఆంక్షల వేళ ఫ్లూ ప్రబలకపోవడంతో రోగనిరోధకత సన్నగిల్లిన పిల్లలు పెరగడమూ కారణం కావచ్చు. బడుల మూసివేత సైతం పిల్లల కలయికను తగ్గించి వ్యాప్తి తేదీలను మార్చగలదు.

కనుక ఫ్లూ ఒక్కదానికే పరీక్షలు జరిపితే సగం చిత్రమే దొరుకుతుంది. ఒకే నమూనాలో రైనో, ఆర్‌ఎస్‌వీ తదితర వైరస్‌లనూ వెదికితేనే ఏది ఎప్పుడు తగ్గిందో, ఏది ఎప్పుడు లేచిందో తెలుస్తుంది.

టీకా వేశాక రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈశాన్య వానల నాటికి రక్షణ కావాలంటే పట్టణంలో సెప్టెంబరులోనే టీకా పూర్తికావడం మేలు. ఇదే పాలన కిందనున్న తెలుగు ప్రాంతమైన యానాంకు ఆ తేదీ సరిపోకపోవచ్చు. గోదావరి తీరాన నైరుతి వానలు జూన్‌లోనే మొదలవుతాయి.