తెల్ల బీరు: ఒక పాలవాడి జ్ఞాపకం

బెల్జియంలో, బ్రసెల్స్ నగరానికి తూర్పున, గోధుమ చేల మధ్య హూగార్డెన్ అనే చిన్న ఊరుంది. 1957లో ఆ ఊళ్ళో టోమ్సిన్ బ్రూయరీ మూతబడింది. అప్పట్లో బెల్జియంలో చిన్న బ్రూయరీలు మూతబడటం వింత కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ దేశంలో మూడు వేలకు పైగా బ్రూయరీలు ఉండేవి. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత వాటిలో చాలాభాగం కనుమరుగయ్యాయి. అయితే టోమ్సిన్‌తో పోయింది ఒక్క వ్యాపారం కాదు. హూగార్డెన్ తెల్ల బీరును తయారుచేసే చివరి చోటు అదే. ఆ మూతతో ఒక బీరు జాతి మొత్తం అంతరించింది.

ఈనాడు అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఎవరైనా తన వంటింట్లో బెల్జియన్ గోధుమ బీరు తయారుచేస్తే, దాన్ని ‘వందల ఏళ్ళ సంప్రదాయం’ అని సగర్వంగా చెప్పుకుంటారు. ఆ మాటలో నిజముంది. కాని ఆ సంప్రదాయం మధ్యలో సుమారు తొమ్మిదేళ్ళ ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాటించినది ఒక పాలవాడి జ్ఞాపకం.

బ్రబాంట్ డచీ భూముల మధ్య ఉన్నా, పాత రోజుల్లో హూగార్డెన్ లియేజ్ బిషప్పుల ఏలుబడిలో ఉండేది. ఈ చిత్రమైన సరిహద్దు వల్ల అక్కడి బీరుకు పన్నుల్లో వెసులుబాటు దొరికింది. పద్దెనిమిదో శతాబ్దంలో అంత చిన్న ఊళ్ళోనూ ముప్పైకి పైగా బ్రూయరీలు నడిచాయి. చుట్టుపక్కల పొలాల్లో గోధుమ, బార్లీ, ఓట్లు సమృద్ధిగా పండేవి. ఆ మూడూ బీరులోకి వచ్చాయి. బవేరియాలో 1516 నాటి శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేదీ ఉండకూడదంది. ఆ శాసనం బ్రబాంట్ మైదానాలకు వర్తించలేదు. కాబట్టి ఇక్కడి బీరులో మొలకెత్తించని పచ్చి గోధుమ సగం దాకా ఉండవచ్చు. దంచిన ధనియాలు, ఎండిన చేదు నారింజ తొక్క కూడా పడవచ్చు. ఆ నారింజ పేరు చెప్పగానే డచ్చివారు ఏలిన కరీబియన్ ద్వీపం క్యూరసావ్ గుర్తుకొస్తుంది.

డచ్చి భాషలో ‘విట్’ అంటే తెలుపు. బీరు నిజంగా తెల్లగా ఉండదు. పలచటి గడ్డిరంగులో, పొగమంచు కమ్మినట్టు మసకగా ఉంటుంది. గోధుమలోని మాంసకృత్తులు, పిండిపదార్థం, అడుగుకు దిగని ఈస్ట్ కలిసి వెలుతురును చెదరగొట్టడమే దీనికి కారణం. చుట్టూ ముదురు గోధుమరంగు బీర్లు ఉన్న కాలంలో ఆ మసక తెల్లదనమే దానికి పేరైంది.

ఈ బీరు ఎందుకు పోయిందో అర్థం చేసుకోవడానికి మన కల్లు సంగతి తలచుకుంటే చాలు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుపెక్కుతుంది. దాన్ని దూరప్రాంతాలకు పంపలేరు. పాత తెల్ల బీరుది అంత తొందర కాకపోయినా, స్వభావం అదే. తాజాగా తాగాలి, వేసవిలో త్వరగా పులిసిపోతుంది, ఊరి పొలిమేర దాటితే చెడుతుంది. 1842లో బొహీమియాలోని పిల్జెన్ పట్టణంలో బంగారు రంగు లాగర్ పుట్టింది. అది చల్లటి గదుల్లో నెమ్మదిగా పులిసేది, అద్దంలా తేటగా ఉండేది, రైళ్ళెక్కి ఎంత దూరమైనా పోయేది. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపడంతో, ఈరోజు బీరు రేపటి బీరులాగే ఉండేలా చేయడం సాధ్యమైంది. దానిముందు ప్రతి కాపుకీ రుచి మారే ఊరి బీరు ‘చెడిపోయిన సరుకు’లా కనిపించడం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆక్రమించుకున్న జర్మన్ సైన్యం బెల్జియన్ బ్రూయరీల రాగి పాత్రలను కరిగించడానికి పట్టుకుపోయింది. యుద్ధానంతరం కొత్త పాత్రలు కొనగలిగినవారిలో చాలామంది లాగర్ వైపే మొగ్గారు.

పియేర్ సెలిస్ 1925లో హూగార్డెన్‌లో పుట్టాడు. వాళ్ళ ఇల్లు టోమ్సిన్ బ్రూయరీకి పక్కనే. కుర్రతనంలో అక్కడ పనుల్లో సాయం చేశాడు. తర్వాత పాల వ్యాపారంలో స్థిరపడ్డాడు. బ్రూయరీ మూతబడ్డాక పాత బీరు రుచిని తలుచుకునేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, దాన్ని చేయగలిగినవాళ్ళు లేరు. 1965లో సెలిస్ ఇంటి దగ్గరే ప్రయత్నాలు మొదలుపెట్టి, 1966లో అమ్మకానికి బీరు సిద్ధం చేశాడు. ఆయన దగ్గర డిగ్రీ లేదు, వారసత్వంగా వచ్చిన బ్రూయరీ లేదు. ఉన్నవి పాత సామాను, కుర్రతనంలో చూసిన పని, నాలుక మీద మిగిలిన రుచి. నేటి భాషలో చెప్పాలంటే ఆయన మొదట హోమ్ బ్రూయర్.

ఇక్కడ చరిత్రకారుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. సెలిస్ తిరిగి తెచ్చినది పాత బీరేనా? 1851లో లాకాంబ్ర్ అనే ఇంజనీరు బెల్జియన్ బీర్ల తయారీ మీద పెద్ద గ్రంథం రాశాడు. పొరుగున ఉన్న లువెన్ పట్టణపు తెల్ల బీరు తయారీ అందులో ఎంతో క్లిష్టమైన పనిగా కనిపిస్తుంది: మసక ద్రవాన్ని పలుమార్లు తోడి, వేరే పాత్రలో కాచి, మళ్ళీ కలపడం. సెలిస్ బీరు తయారీ దానికంటే సరళం. ఆధునిక పరిశుభ్రత వల్ల పులుపూ తక్కువే. కాబట్టి 1966 నాటి సీసాలో ఉన్నది 1800 నాటి బీరుకు నకలు కాదు. 1940ల నాటి బీరును ఒక మనిషి గుర్తుపెట్టుకున్న తీరు అది. సీసా మీద 1445 అనే సంవత్సరం ముద్రించి ఉండటం చూసి తాగేవాళ్ళు అయిదు శతాబ్దాల అఖండ ధారను ఊహించుకుంటారు. అంతకంటే, తెగిపోయిన దారాన్ని ఒకడు ముడివేసిన కథే విలువైనది. కాని ముడి ఉందన్న సంగతి ఏ లేబుల్ చెబుతుంది?

బీరు అనూహ్యంగా జనానికి నచ్చింది. సెలిస్ ఒక పాత నిమ్మసోడా కర్మాగారాన్ని కొని అక్కడ బ్రూయరీని పెంచాడు; దానికి ‘డె క్లూస్’ అని పేరు పెట్టాడు. మైకెల్ జాక్సన్ 1977లో వెలువరించిన ప్రపంచ బీర్ల గ్రంథం వల్ల ఇలాంటి బెల్జియన్ బీర్లు ఆంగ్ల పాఠకులకు పరిచయమయ్యాయి. ఈయన అమెరికన్ గాయకుడు కాదు, అదే పేరున్న ఆంగ్ల రచయిత. 1985లో బ్రూయరీ అగ్నికి ఆహుతైంది. బీమా సొమ్ము చాలలేదు. పునర్నిర్మాణానికి డబ్బు ఇచ్చిన పెద్ద బ్రూయరీ సంస్థ వాటాదారైంది. తర్వాత అది ఇంటర్‌బ్రూలో భాగమైంది. తయారీ పద్ధతి విషయంలో తన మీద ఒత్తిడి వచ్చిందని సెలిస్ తర్వాత చెప్పాడు. చివరకు తన వాటా అమ్మేసి బయటికి వచ్చాడు.

అరవై ఏళ్ళు దాటిన మనిషి అక్కడితో ఆగవచ్చు. సెలిస్ టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు వెళ్ళాడు. అక్కడి సున్నపురాతి నేలలోని నీళ్ళు తన ఊరి నీళ్ళకు దగ్గరగా ఉన్నాయన్నది ఆయన చెప్పిన కారణం. 1992లో ‘సెలిస్ వైట్’ అమ్మకానికి వచ్చింది. చరిత్ర రెండోసారీ అదే దారి పట్టింది. 1995లో మిల్లర్ సంస్థ అందులో పెద్ద వాటా కొన్నది; కొన్నేళ్ళకు బ్రూయరీనే మూసేసింది. ‘సెలిస్’ అన్న పేరు మిషిగన్‌లోని వేరొక కంపెనీకి అమ్ముడైంది. అంటే తన ఇంటిపేరుతో అమెరికాలో బీరు అమ్మే హక్కు పియేర్ సెలిస్‌కే లేకుండా పోయింది. ఆయన 2011లో చనిపోయాడు. కూతురు క్రిస్టీన్ ఆ పేరును తిరిగి సంపాదించి, 2017లో ఆస్టిన్‌లో మళ్ళీ బ్రూయరీ తెరిచింది.

పేరు కంపెనీల చేతుల్లో తిరుగుతున్న ఆ ఏళ్ళలోనే బీరు మరో దారిన ఇళ్ళలోకి చేరింది. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి వీలు కలిగింది. బీరుకు మాత్రం కలగలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఆ లోటు తీర్చింది: సొంత వాడకానికి, పన్ను లేకుండా, ఒక్క వయోజనుడున్న ఇంట్లో ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గాలన్లు. రాష్ట్రాల చట్టాలు వేరు. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో ఇంటి బీరుకు లైసెన్సు బాధ్యత 1963లోనే తొలగింది.

ఇంట్లో తెల్ల బీరు చేసేవారికి మొదటి పరీక్ష గోధుమే. బార్లీ గింజకు పొట్టు అంటిపెట్టుకుని ఉంటుంది. నానబెట్టి వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. గోధుమ పొట్టు నూర్పిడిలోనే రాలిపోతుంది. కాబట్టి సగం గోధుమ ఉన్న పిండి ముద్ద జిగురుగా గడ్డకట్టి, ద్రవం కిందికి దిగదు. దీనికి విరుగుడు వరి ఊక. తెలుగునాట మిల్లు వెనక గుట్టలుగా పడి ఉండే ఊకను అమెరికాలో హోమ్ బ్రూ దుకాణాలు సంచుల్లో కట్టి పౌండ్ల లెక్కన అమ్ముతాయి. అయిదు గాలన్ల కాపుకు, అంటే దాదాపు 19 లీటర్లకు, ఇంచుమించు అయిదు కిలోల ధాన్యం పడుతుంది: సగం బార్లీ మాల్ట్, సగం గోధుమ అటుకులు, ఇష్టమైతే గుప్పెడు ఓట్లు. గోధుమలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు మాల్ట్ నుంచే రావాలి. అటుకులను ముందే ఆవిరి పట్టి ఉంటారు కనుక పని తేలిక. పచ్చి గోధుమైతే ముందు విడిగా ఉడికించాలి. ద్రవాన్ని గంటకు పైగా మరిగించి, దించే ముందు అయిదు నిమిషాల్లో ధనియాలూ నారింజ తొక్కా వేస్తారు. ధనియాలు పాతిక గ్రాములు చాలు. మించితే బీరు కాస్తా చారవుతుంది. ఇండియన్ గ్రోసరీలో దొరికే కోలగా ఉండే ధనియాలు యూరప్ గుండ్రటి గింజల కంటే నిమ్మవాసనతో మెరుగ్గా ఉంటాయన్నది అనుభవజ్ఞులైన హోమ్ బ్రూయర్లలో వినిపించే మాట.

రెండో పరీక్ష ఈస్ట్. ఈ బీరులో లవంగాన్ని తలపించే ఘాటు ధనియాలది కాదు, ఈస్ట్‌ది. రకరకాల ఈస్ట్ దుకాణాల్లో దొరకని రోజుల్లో అభిమానులు దిగుమతైన సీసా అడుగున మిగిలిన మడ్డిని జాగ్రత్త చేసి, తీపి ద్రవంలో వేసి పెంచుకునేవారు. పెరుగు తోడు పెట్టడం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

1995లో కూర్స్ సంస్థలో కీత్ విల్లా ‘బ్లూ మూన్’ను, అదే ఏడాది మెయిన్ రాష్ట్రంలోని అల్లగాష్ తన మొదటి బీరుగా ‘అల్లగాష్ వైట్’ను తెచ్చాయి. హోమ్ బ్రూ పోటీలకు న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ నియమావళి ‘విట్‌బియర్’కు ఒక నిర్వచనం ఇచ్చింది: ఆల్కహాల్ 4.5 నుంచి 5.5 శాతం, చేదు 8 నుంచి 20 ఐబీయూ. ఆ నిర్వచనం సెలిస్ పేరును ప్రస్తావిస్తూనే సాగుతుంది. ఊరి పాలవాడు గుర్తుపెట్టుకున్న రుచి ఇప్పుడు మార్కులు వేసే కొలబద్ద. ఆయన జ్ఞాపకంలో లేని పాత పులుపును ఎవరైనా తిరిగి తెస్తే, న్యాయనిర్ణేత దాన్ని తప్పుగానే లెక్కిస్తాడు.

2005లో ఇన్‌బెవ్‌గా మారిన సంస్థ హూగార్డెన్ బ్రూయరీని మూసి, తయారీని లియేజ్ దగ్గరి జుపీల్‌కు తరలిస్తామని ప్రకటించింది. ఊరు నిరసనకు దిగింది. జుపీల్‌లో అదే రుచి రాబట్టడం కష్టమవుతోందని వార్తలు వచ్చాయి. 2007లో సంస్థ నిర్ణయం మార్చుకుంది. ఆ బీరు తయారీ హూగార్డెన్‌లోనే కొనసాగింది.