ఒకే నగరం, రెండు జట్లు: 1955లో బ్రూక్లిన్ గెలిచిన రోజు



మడికొండ హాస్టల్లో మేము ఆడేది క్రికెట్, కబడ్డీ. బేస్‌బాల్ బ్యాట్ మాలో ఎవ్వరం పట్టుకోలేదు. అయినా ఆ ఆటలో జరిగిన ఒక ఫైనల్ గురించి చదివినంక మీకు చెప్పాలనిపించింది.

మనకు వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిస్తే ఒకే నగరం. న్యూయార్క్ కూడా అట్లాంటిదే. బ్రూక్లిన్ 1898 దాకా వేరే నగరం, తర్వాత న్యూయార్క్‌లో కలిసింది. అక్కడి జట్టు డాడ్జర్స్. అదే నగరంలో బ్రాంక్స్ వైపు జట్టు యాంకీస్. అమెరికా బేస్‌బాల్ ఫైనల్‌ను వరల్డ్ సిరీస్ అంటారు. ఏడు మ్యాచుల్లో ముందుగా నాలుగు గెలిచినోళ్లదే టైటిల్. 1941, 1947, 1949, 1952, 1953లో ఈ రెండు జట్లే ఫైనల్ ఆడినయి. ఐదుసార్లూ యాంకీసే గెలిచింది.

ఇంకో సంగతి. దశాబ్దాల పాటు పెద్ద లీగుల్లోకి నల్లజాతి ఆటగాళ్లను రానియ్యలేదు. 1947 ఏప్రిల్ 15న డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ మైదానంలో దిగి ఆ అడ్డు తీసేసిండు. తిట్లు, బెదిరింపు ఉత్తరాలు భరించిండు. యాంకీస్ మాత్రం తమ మొదటి నల్లజాతి ఆటగాడు ఎల్‌స్టన్ హోవార్డ్‌ను 1955లో గానీ దింపలేదు.

1955 సిరీస్‌లో డాడ్జర్స్ మొదటి రెండు మ్యాచులు ఓడింది. ఏడు మ్యాచుల సిరీస్‌లో అట్ల వెనకబడి గెలిచిన జట్టు అప్పటిదాకా లేదు. అయినా లేచింది. ఆరు మ్యాచులు అయ్యేసరికి 3–3. అక్టోబర్ 4న, యాంకీస్ సొంత మైదానంలో చివరి మ్యాచ్. పిచర్ జానీ పాడ్రెస్‌కు 23 ఏళ్లు, ఇనుప గని కార్మికుని కొడుకు. డాడ్జర్స్ 2–0తో ముందుంది. ఆరో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాళ్లు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నరు. యోగి బెర్రా కొట్టిన బంతి ఎడమ మూలకు పోయింది. అప్పుడే ఫీల్డింగ్‌కు వచ్చిన క్యూబా నల్లజాతి ఆటగాడు సాండీ అమొరోస్ ఉరికి చెయ్యి చాపి పట్టిండు. ఆ బంతి తిప్పి విసిరితే ఇంకొకడు కూడా అవుట్. స్కోరు 2–0 గానే మిగిలింది. బ్రూక్లిన్‌కు అదే మొదటి టైటిల్.

ఆ చివరి మ్యాచ్‌లో రాబిన్సన్ ఆడలేదు, గాయంతో బయట కూర్చున్నడు. క్యాచ్ ఆయనది కాదు. కానీ 1947లో ఆయన నిలబడకపోతే అమొరోస్ ఆ మూలన ఉండేటోడా?

మాలో చాలామందిమి ఇంట్లో మొట్టమొదట కాలేజీకి వచ్చినోళ్లం. బ్యాక్‌లాగ్ పడినప్పుడు ఇంటికి పోదామని బ్యాగు సర్దుకున్న రాత్రులు మా గదిలోనూ ఉన్నయి. ఉండిపోయినం. అందుకే ఇప్పుడు దోస్త్‌లో ఆప్షన్లు ఎట్ల పెట్టాలో, స్కాలర్‌షిప్‌కు ఏ కాగితాలు కావాలో మాకు తెలుసు.

మీ తండాల, మీ గూడెంల ఈసారి ఇంటర్ అయిపోయిన తమ్ముడో చెల్లెనో ఉంటే కింద చెప్పండి. కలిసి నింపుదాం.