డెల్వ్ అంటే ఏంటి? మట్టి తవ్విన పాత ఇంగ్లీష్ మాటపై ఏఐ ముద్ర ఎందుకు?

ఇంగ్లీష్ ఈమెయిల్‌లో ‘డెల్వ్’ అని రాశారా? చాట్‌జీపీటీతో రాయించారేమోనని అవతలివాళ్లు అనుమానించే రోజులివి. నిజానికి ఈ పదం ఏఐ పుట్టించింది కాదు. వెయ్యేళ్లకు పైగా వాడుకలో ఉంది.

పాత ఇంగ్లీష్‌లో దీని రూపం ‘డెల్ఫాన్’. అర్థం నేల తవ్వడం, అంతే. 1381లో ఇంగ్లండ్ రైతుల తిరుగుబాటు వేళ మతబోధకుడు జాన్ బాల్ చేసిన ప్రసంగంలో ఈ మాట మార్మోగింది. ఆదాము మట్టి తవ్వుకున్న రోజుల్లో దొరలెవరని ఆయన నిలదీశారు. డచ్ భాషలో ఇప్పటికీ తవ్వడాన్ని ‘డెల్వెన్’ అంటారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరానికి ఆ పేరొచ్చింది కూడా తవ్విన కాలువ వల్లే. ఇంగ్లీష్‌లో మాత్రం పలుగూ పారా పనిని ‘డిగ్’ లాగేసుకుంది.

డెల్వ్‌కు మిగిలింది లోతుగా వెతకడం. పాత రికార్డులు తిరగేసినా, ఒకరి గతాన్ని తవ్వినా, ఆఖరికి హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టి తాళాలు వెతికినా డెల్వే. తెలుగులో ‘తరచి చూడటం’ దీనికి బాగా దగ్గర. దేని గురించో చెప్పేటప్పుడు వెనకాల ‘ఇంటూ’ ఉండాలి. ‘డెల్వ్ ద టాపిక్’ తప్పు, ‘డెల్వ్ ఇంటూ ద టాపిక్’ కరెక్ట్. పైపైన చూసి వదిలేసినదానికి ఈ మాట అస్సలు నప్పదు.

మరి ఏఐ గొడవేంటి? 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక పరిశోధన పత్రాల్లో ఈ పదం ఒక్కసారిగా పెరిగింది. 1.5 కోట్లకు పైగా బయోమెడికల్ పత్రాల సారాంశాలను జల్లెడ పట్టిన ఓ అధ్యయనం 2025లో సైన్స్ అడ్వాన్సెస్‌ జర్నల్‌లో వచ్చింది. 2024 నాటి సారాంశాల్లో కనీసం 13.5 శాతానికి ఏఐ సాయం ఉందని అది అంచనా వేసింది. అయితే అది కోట్ల పత్రాల లెక్క. ఒక్క మెయిల్‌లో ఒక్క పదం చూసి, రాసింది మనిషో మెషీనో తేల్చడం కుదరదు.

2024 ఏప్రిల్‌లో రచ్చ మొదలైంది సరిగ్గా అలాగే. తనకొచ్చిన ఓ మెయిల్‌లో డెల్వ్ కనిపించిందంటూ వై కాంబినేటర్ సహ వ్యవస్థాపకుడు పాల్ గ్రాహమ్ ఎక్స్‌లో పోస్ట్ పెట్టారు. నైజీరియన్లు భగ్గుమన్నారు. తమ ఇంగ్లీష్‌లో అది మామూలు మాటేనన్నారు. మన ఆఫీస్ మెయిల్స్‌లో ‘డూ ద నీడ్‌ఫుల్’ లాంటిదే అనుకోండి.