ఎబ్రో తీరం నుంచి అనంతపురం దాకా

1937. స్పెయిన్‌లో అంతర్యుద్ధం రెండో ఏట పడింది. ఉత్తర తీరంలోని శాంటాండర్ రేవు పట్టణం ఇవాళో రేపో, ప్రభుత్వంపై తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో సేనల చేతిలో పడేలా ఉంది. యుద్ధ వార్తలు రాయడానికి వచ్చిన బ్రిటిష్ పాత్రికేయుడు జాన్ లాంగ్డన్-డేవిస్‌కు అక్కడ ఐదేళ్ల పిల్లాడొకడు కనబడ్డాడు. పేరు హోసే. వాడి దగ్గర వాళ్ల నాన్న రాసిచ్చిన చీటీ ఒకటుంది. పట్టణం పడిపోతే నన్ను కాల్చేస్తారు, నా కొడుకు ఎవరికి దొరికితే వాళ్లు నా మొహం చూసి వాణ్ణి సాకండి అని దాని సారాంశం.

అలాంటి పిల్లలు అప్పుడు స్పెయిన్‌లో వేలల్లో ఉన్నారు. లాంగ్డన్-డేవిస్ తన మిత్రుడు ఎరిక్ మగ్గరిడ్జ్‌తో కలిసి ఒక పథకం వేశాడు. అనాథల కోసం విరాళం ఇవ్వండని ఊరికే అడిగితే జనం ఒకసారి ఇచ్చి మరిచిపోతారు. అదే, ఫలానా పిల్లాడు మీవాడు, వాడి ఫొటో ఇదిగో, నెలనెలా వాడి తిండికీ చదువుకూ పంపండి, వాడు మీకు ఉత్తరం రాస్తాడు అంటే? ఫాస్టర్ పేరెంట్స్ ప్లాన్ అలా పుట్టింది. ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న పుయిగ్‌సెర్దా అనే కొండ ఊళ్లో పిల్లల నివాసాలు వెలిశాయి. ఇవాళ ప్లాన్ ఇంటర్నేషనల్ పేరుతో ఎన్నో దేశాల్లో పనిచేస్తున్న సంస్థ అదే.

ఈ ఉపాయం కనిపెట్టింది లాంగ్డన్-డేవిస్ అని చాలామంది రాస్తారు. అంత కొత్తదేం కాదు. అంతకు నూరేళ్ల ముందే, మనకు కూతవేటు దూరంలో, సిలోన్‌లోని జాఫ్నాలో అమెరికన్ మిషనరీలు ఈ పని చేశారు. 1816 నుంచి వాళ్లు అక్కడ బడులు పెట్టారు. హాస్టల్లో ఉండే ఒక్కో పిల్లాణ్ణి అమెరికాలోని ఒక్కో దాతకు అప్పగించేవారు. ఖర్చు దాతది. దానికి బదులుగా దాత తన పేరో, తను గౌరవించే పాదిరి పేరో ఆ తమిళ పిల్లాడికి పెట్టించుకోవచ్చు. అన్నం పెట్టినవాడు పేరు కూడా పెట్టాడన్నమాట. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం తొలి బి.ఏ. పట్టాలు అందుకున్న ఇద్దరూ ఆ బడుల నుంచి వచ్చిన జాఫ్నా వాళ్లే. వాళ్లలో ఒకాయన పేరు కారల్ విశ్వనాథపిళ్లై. రెండో ఆయన దామోదరంపిళ్లై. తాళపత్రాల్లో చెదలు పడుతున్న ప్రాచీన తమిళ గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేయించిన పండితుడాయన. ఆ చదువుల వల్ల తమిళానికి జరిగిన మేలు చిన్నది కాదు. అయినా, ఎనిమిదేళ్ల పిల్లాడి పేరు మార్చి దాతకు సంతోషం కలిగించడం ఏ కాలంలోనైనా రోత పుట్టించే పనే. దాతకూ పిల్లాడికీ మధ్య ఇదేం సంబంధం అన్న తగువు అక్కడే మొదలైంది. ఇప్పటికీ తీరలేదు.

స్పెయిన్ తర్వాత ఈ స్పాన్సర్‌షిప్ పద్ధతి తూర్పుకు పాకింది. 1938లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో కాల్విట్ క్లార్క్ అనే పాదిరి జపాన్ దాడిలో దిక్కులేనివాళ్లైన చైనా పిల్లల కోసం ఒక నిధి పెట్టాడు. ఇప్పటి చైల్డ్‌ఫండ్ అదే. 1947లో బాబ్ పియర్స్ అనే మరో అమెరికన్ బోధకుడు చైనాలోని షియామెన్ వెళ్లినప్పుడు ఒక టీచరమ్మ ఒక పాపను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, ఈ పిల్లను ఏం చేయమంటారని నిలదీసిందట. ఆయన జేబులో ఉన్న ఐదు డాలర్లు ఇచ్చాడు, నెలనెలా పంపుతానన్నాడు. 1950లో వరల్డ్ విజన్ పెట్టింది ఆయనే. ఆ ఏడే కొరియా యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లల ఫొటోలు అమెరికా చర్చిల్లో, ఇళ్లల్లో ఫ్రిజ్‌ల మీదా కనబడసాగాయి. 1952లో ఎవరెట్ స్వాన్‌సన్ మొదలుపెట్టిన కంపాషన్ సంస్థ కూడా కొరియా అనాథల కోసం పుట్టిందే.

అక్కడి నుంచి ఇది ఉద్యమం స్థాయి దాటి పెద్ద వ్యవస్థ అయిపోయింది. పెద్దకళ్ల పాప, మాసిన గౌను, కింద ఒక నంబరు. 1970లు, 80ల్లో పాశ్చాత్య పత్రికలు తిరగేసిన వాళ్లకు ఆ ప్రకటనలు గుర్తుంటాయి. తిట్లు కూడా అప్పుడే జోరందుకున్నాయి. 1982లో న్యూ ఇంటర్నేషనలిస్ట్ పత్రిక దయచేసి ఈ పిల్లను స్పాన్సర్ చేయకండి అని ముఖచిత్రం మీదే వేసి సంచిక తెచ్చింది. ఊళ్లో పదిమంది పిల్లలుంటే ఒకడికి మాత్రం బూట్లొస్తే మిగతా తొమ్మిది మంది సంగతేంటి? కన్నతండ్రి ఉండగా పరాయివాణ్ణి నాన్నా అని సంబోధిస్తూ ఉత్తరం రాయించడమేంటి? వేల ఉత్తరాలు అటూ ఇటూ అనువదించి పంపడానికే సగం సిబ్బంది పనిచేస్తే బడికి మిగిలేదెంత?

1998 మార్చిలో షికాగో ట్రిబ్యూన్ ఇంకా గట్టి దెబ్బ కొట్టింది. ఆ పత్రిక వాళ్లు మామూలు దాతల్లా నాలుగు పెద్ద సంస్థల ద్వారా 12 మంది పిల్లలను స్పాన్సర్ చేశారు. కొన్నాళ్లు పోయాక ఆ పిల్లలను వెతుక్కుంటూ ఆయా దేశాలకు వెళ్లారు. ఆఫ్రికాలోని మాలిలో ఒక బాలిక స్పాన్సర్‌షిప్ మొదలైన కొద్ది రోజులకే పిడుగుపడి చనిపోయిందని తేలింది. సంస్థ మాత్రం దాదాపు రెండేళ్లపాటు ఆ పిల్ల పేరు మీద డబ్బు తీసుకుంటూనే ఉంది. దాని తర్వాత పెద్ద సంస్థలన్నీ లెక్కలూ ప్రకటనలూ సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ స్పెయిన్ యుద్ధంలోకి వెళ్దాం. 1938 వేసవిలో ఎబ్రో నది ఒడ్డున ఆ యుద్ధంలోకెల్లా భీకరమైన పోరు జరిగింది. ఫ్రాంకోతో పోరాడుతున్న రిపబ్లిక్ ప్రభుత్వం దగ్గర సైనికులు అయిపోయి, నూనూగు మీసాల కుర్రాళ్లను సైన్యంలోకి లాగారు. పాలసీసా దళం అని జనం వాళ్లకు పేరు పెట్టారు. అందులో బార్సిలోనా కుర్రాడు ఒకడున్నాడు, 1920లో పుట్టినవాడు. ఓడిపోయాక 1939 మొదట్లో లక్షల మందితో పాటు కొండలు దాటి ఫ్రాన్స్ చేరాడు. అర్జెలెస్ సముద్రపుటొడ్డున ముళ్లకంచెల మధ్య ఇసుకలో పడుకున్నాడు. ఫ్రాన్స్ వాళ్లు తిప్పి పంపితే ఫ్రాంకో నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. 1944లో జెస్యూట్ అనే క్రైస్తవ సన్యాసుల సభలో చేరాడు. 1952 ఫిబ్రవరిలో ఓడ దిగి బొంబాయిలో అడుగుపెట్టాడు. అనంతపురం జిల్లా వాళ్లకు ఇక పేరు చెప్పక్కర్లేదు. విన్సెంట్ ఫెర్రర్.

మహారాష్ట్రలోని మన్మాడ్‌లో ఆయన రైతుల చేత బావులు తవ్వించాడు. అది గిట్టనివాళ్లు మతమార్పిడి ఆరోపణలు తెచ్చారు. 1968లో దేశం విడిచిపొమ్మన్నారు. వేలమంది రైతులు ఆయన కోసం బొంబాయి వైపు కాలినడకన కదిలారు. ఇందిరాగాంధీ జోక్యంతో మరుసటి ఏడాది తిరిగొచ్చాడు గానీ, మహారాష్ట్రలో చోటు లేదు. ఆంధ్రప్రదేశ్ రానిచ్చింది. 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) పెట్టాడు. తర్వాత ఏడాది బ్రిటిష్ పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్లాడాడు. జెస్యూట్ సభ నుంచి బయటికొచ్చేసినా జనం నోట్లో ఆయన ఆఖరిదాకా ఫాదరే.

అప్పటి అనంతపురం సంగతి కొత్తగా చెప్పేదేముంది. వాన పడితే శెనక్కాయ, పడకపోతే వలస. ఎస్సీ కాలనీలో ఏడెనిమిదేళ్లు నిండిన మగపిల్లాణ్ణి ఏడాది జీతానికి గొర్ల దగ్గర పెట్టడం మామూలు. ఆడపిల్లైతే చంకలో తమ్ముడు. వీళ్లలో తల్లీ తండ్రీ లేనివాళ్లు కొందరే. ఉన్నవాళ్లకు మాత్రం ఉండీ ఏం ఒరిగింది?

ఫెర్రర్ దంపతులు స్పాన్సర్‌షిప్‌ను వద్దనుకోలేదు, మార్చుకున్నారు. ఫొటో ఒక పిల్లది, డబ్బు ఊరందరిదీ. వలెన్సియాలో ఒక బడిపంతులు నెలకు పద్దెనిమిది యూరోలు కట్టేవాడు. అతనికి ఒక అట్టపుస్తకంలో ఏ కూడేరు దగ్గరి పల్లెలోని పిల్ల ఫొటోనో వెళ్లేది. ఆ పిల్ల తెలుగులో ఉత్తరం రాస్తుంది, కింద ఒక ఇల్లు, ఒక చెట్టు, కొండల మధ్య సూర్యుడు. అనంతపురంలో కూర్చున్న అనువాదకులు దాన్ని స్పానిష్‌లోకి మారుస్తారు. కానీ యూరోలు ఆ పిల్ల ఇంటికి పోవు. ఆ డబ్బుతో కాలనీలో బడి కడతారు. సర్కారు బడి మొదలయ్యే ముందూ, అయిపోయాకా పాఠాలు చెప్పే ఊరి టీచరుకు జీతమిస్తారు. ఇల్లు కడితే ఇంటి ఆవిడ పేరు మీదే పట్టా. కల్యాణదుర్గంలో, బత్తలపల్లిలో ఆసుపత్రులు. ఫొటో లేని పిల్లకూ అదే బడి, అదే మందు.

ఊళ్లో ఒకడికే బూట్లొచ్చే ఆ సమస్యకు ఇంతకంటే సూటి జవాబు ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. ఇందులో దాత నుంచి కొంత దాచిన మాట ఉంది కదా అంటారా? లేదు, ముందే చెప్పి తీసుకుంటారు. ఆ ముఖం ఊరి తరఫున ఉత్తరం రాసే ముఖం, అంతే.

ఈ డబ్బు పంపిన దేశాన్ని చూడండి. ఫెర్రర్ వదిలి వచ్చిన స్పెయిన్ 1940ల్లో రేషన్ కార్డులతో, ఆకలితో అల్లాడిన దేశం. అది సాయం చేసే ధనిక దేశాల కమిటీలో చేరిందే 1991లో. 1981లో ఫెర్రర్ ప్రమేయంతో అక్కడ అయుదా ఎన్ అక్సియోన్ అనే సంస్థ మొదలై, అనంతపురం పిల్లలకు దాతలను వెతికింది. దారులు వేరయ్యాక 1996లో ఆయన పేరుతోనే స్పెయిన్‌లో ఫౌండేషన్ పుట్టింది. లక్షకు పైగా పిల్లలకు స్పాన్సర్లు దొరికారు. మూడు వేలకు పైగా ఊళ్లకు పని విస్తరించింది. దాతల్లో చాలామంది మామూలు జీతగాళ్లే. 2009 జూన్ 19న ఫాదర్ పోయినప్పుడు బత్తలపల్లి జనసంద్రమైంది. కొరియా కథ కూడా ఇలాగే తిరిగింది. ఒకప్పుడు అమెరికా డాలర్లతో అనాథలను సాకిన వరల్డ్ విజన్ కొరియా శాఖ 1991 నుంచి బయటి సాయం తీసుకోవడం మానేసి, వేరే దేశాల పిల్లలకు తానే పంపుతోంది.

ఇంతకీ పిల్లలకు పనికొచ్చిందా? కన్నీళ్ల కథలతో తేలే ప్రశ్న కాదిది. 2013లో బ్రూస్ వైడిక్, మరిద్దరు ఆర్థికవేత్తలు జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో ఒక అధ్యయనం అచ్చేశారు. బొలీవియా, గ్వాటెమాలా, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండా, మన దేశం - ఈ ఆరు చోట్లా కంపాషన్ పథకం నడిచిన ఊళ్లలో 10,144 మంది వివరాలు తీశారు. పథకం ఊళ్లోకి వచ్చేసరికి పన్నెండేళ్లు దాటిన పిల్లలను చేర్చుకోలేదు. కాబట్టి చేరిన తమ్ముణ్ణి, వయసు దాటి చేరలేకపోయిన అన్నతో పోల్చే వీలు దొరికింది. చేరినవాళ్లు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు. హైస్కూలు పూర్తిచేసినవాళ్లు, నెలజీతం ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఏడాది చదువు అంటే తక్కువనిపించవచ్చు. ఏడో తరగతితో ఆగిపోవడానికీ ఎనిమిదికి పోవడానికీ తేడా ఏమిటో ఆడపిల్లలున్న ఇళ్లలో అడగండి.

అదే కంపాషన్ 2017 మార్చిలో భారతదేశంలో పని మూసేసింది. విదేశీ విరాళాల నిబంధనలు బిగిసి డబ్బు పంపే దారి లేకపోవడంతో, లక్షా నలభై వేలకు పైగా పిల్లలకు స్పాన్సర్‌షిప్ ఒక్కసారిగా ఆగిపోయింది. 2020 సవరణతో ఆ విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, ఇంకా గట్టిపడింది. 2025లో ఆ చట్టం కింద ఆర్డీటీ అనుమతి పునరుద్ధరణకు చిక్కొచ్చినప్పుడు అనంతపురంలో జనం రోడ్ల మీదికొచ్చారు. విదేశీ డబ్బు మీద ప్రభుత్వానికి నిఘా ఉండాల్సిందే. అయితే ఒక పిల్ల చదువు పూర్తిగా వేరే దేశంలోని ఒకరి దయ మీదా, ఢిల్లీలోని ఒక ఫైలు మీదా ఆధారపడితే ఏమవుతుందో ఈ రెండు సంఘటనలూ చూపించాయి.

ఈ సంగతి ఆర్డీటీకి ముందే తట్టినట్టుంది. పల్లెల్లో ఇంటింటికీ హుండీలు పంచి, చిల్లర వేయమంది. ఒకప్పుడు స్పెయిన్ డబ్బుతో చదువుకున్న ఇళ్లవాళ్లే తమకంటే దిక్కులేనివాళ్ల కోసం అందులో రూపాయి, రెండు రూపాయలు వేశారు.

దిక్కు అన్నాం గనుక ఇంకో మాట. ప్రపంచంలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. సాకలేక వదిలినవాళ్లే ఎక్కువ. ఇంటికే నాలుగు డబ్బులు చేరిస్తే ఆశ్రమం గడప తొక్కాల్సిన పనుండదు. మన చట్టం కూడా ఇదే దారి పట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో స్పాన్సర్‌షిప్ ఉంది. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద అమ్మానాన్నలు లేక అమ్మమ్మ, మేనమామల దగ్గర పెరుగుతున్న పిల్లలకు, తండ్రి పోయి తల్లి ఒక్కతే సాకుతున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, అంటే డీసీపీయూలో ఇవ్వాలి. మీ వీధిలో మనవణ్ణి సాకుతున్న అవ్వ ఎవరైనా ఉంటే, ఆమెకు ఈ పథకం ఉన్నట్టే తెలియకపోవచ్చు. ఒక పూట వీలు చేసుకుని ఆమెను ఆ ఆఫీసుకు తీసుకెళ్లండి. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి.