అపార్టుమెంట్ సంఘం సొమ్ముకు రక్షణ ఎలా?

నరసరావుపేట: లిఫ్టు ఆగిపోయినా, నీటి మోటారు కాలిపోయినా అపార్టుమెంట్ వాసులకు మొదట గుర్తుకు వచ్చేది సంఘం ఖాతాలోని సొమ్మే. అవసరమైన వేళ అది ఖాళీగా కనిపిస్తే ఇరుగుపొరుగుల మధ్య తగాదా మొదలవుతుంది. మోసం జరగకపోయినా, లెక్క చూపలేని కార్యదర్శికి నింద తప్పదు.

పల్నాడు పల్లెల్లోని డ్వాక్రా మహిళలకు తెలిసిన పద్ధతే ఇందుకు విరుగుడు. వారి పొదుపు సంఘం పేరిట బ్యాంకులో ఉంటుంది. సభ్యుల తీర్మానం, నాయకురాళ్ల సంతకాలు లేనిదే సొమ్ము కదలదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి పట్టణాల్లోని అపార్టుమెంట్ సంఘాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

ఫ్లాట్ల యజమానులు సంఘంగా ఏర్పడాలని 1987 నాటి రాష్ట్ర అపార్టుమెంట్ల చట్టం నిర్దేశిస్తోంది. ఈ సంఘాలను సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేస్తారు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు అందజేయవలసి ఉంటుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

* బ్యాంకు ఖాతా సంఘం పేరిటే ఉండాలి. నెలవారీ రుసుమును కార్యదర్శి సొంత ఖాతాకు, సొంత ఫోన్ నంబరుకు పంపరాదు.

* చెక్కుపై కనీసం ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయాలి. సొమ్ము వసూలు చేసేవారు ఒకరు, లెక్క రాసేవారు మరొకరు కావాలి.

* ప్రతి వసూలుకూ రశీదు, ప్రతి ఖర్చుకూ బిల్లు ఉండాలి. నెలాఖరున జమాఖర్చులను, బకాయిదారుల వివరాలను నోటీసు బోర్డుపై ఉంచాలి.

* నిర్మాణదారు వసూలు చేసిన మూలనిధిని లెక్కలతో సహా స్వీకరించాలి. దానిని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, పెద్ద మరమ్మతులకే వినియోగించాలి. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకు రూ.5 లక్షల వరకే బీమా వర్తిస్తోంది. అంతకు మించిన నిధిని ఒకే బ్యాంకులో ఉంచకపోవడం మేలు.

* రంగులు, లిఫ్టు, జనరేటర్ వంటి పెద్ద పనులకు ముగ్గురి నుంచి కొటేషన్లు తీసుకొని, తీర్మానం చేసిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వాలి.

* కార్యవర్గంలో లేని చార్టర్డ్ అకౌంటెంటుతో ఏటా ఆడిట్ చేయించాలి. కార్యవర్గం మారినప్పుడు పాస్‌బుక్, చెక్‌బుక్, తీర్మానాల పుస్తకాలను సంతకాలతో అప్పగించి, బ్యాంకులో సంతకాలు మార్పించాలి.

వివాదం తలెత్తితే 2001 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వాన్ని గానీ, జిల్లా కోర్టును గానీ ఆశ్రయించవచ్చు. అయితే అంతవరకు రాకుండా చూసుకోవడం సభ్యుల చేతుల్లోనే ఉంది. సమావేశానికి హాజరై లెక్క అడగడాన్ని అనుమానంగా భావించరాదు. నిజాయితీపరుడైన కార్యదర్శికి అదే రక్షణ.